ఎంగెల్స్ ఉత్తరం అందుకున్న ‘మిస్ హార్క్‌నెస్’ ఎవరు? ఆవిడ నవలల్ని ఎలా చదవాలి?

అడిగినది క్లుప్తంగా ఇదీ: ‘వాస్తవికత గురించి మార్క్స్ సహచరుడు ఎంగెల్స్ రాసిన ఉత్తరాన్ని మన విమర్శకులు తరచుగా ఉదహరిస్తారు. అది మార్గరెట్ హార్క్‌నెస్ అనే ఆవిడకు రాశారట. ఆవిడ ఎవరు? ఏమేం రాశారు? దేనితో మొదలుపెట్టాలి? తెలుగులోకి తేవాలనుకుంటే ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?’

ముందు పేరు సంగతి, ఎందుకంటే వెతికేవాళ్లు మొదట తప్పేది ఇక్కడే. పూర్తి పేరు మార్గరెట్ ఎలీజ్ హార్క్‌నెస్. నవలల అట్టల మీద మాత్రం ‘జాన్ లా’ అని ఉంటుంది. లైబ్రరీ కేటలాగులో జాన్ లా అని కొడితే ముందు తగిలేది వేరే మనిషి, ఫ్రాన్సులో మిసిసిపీ కంపెనీ నడిపి 1720లో జనాన్ని నిలువునా ముంచిన స్కాట్లండ్ ఆర్థికవేత్త. కాబట్టి జాన్ లా పేరుకు పక్కన నవల పేరో, 1887 తరవాతి సంవత్సరమో చేర్చి వెతకాలి. రెండో పొరపాటు పుస్తకాల లెక్కలో జరుగుతుంది. 1889లో వచ్చిన ‘కెప్టెన్ లోబ్’, 1891లో వచ్చిన ‘ఇన్ డార్కెస్ట్ లండన్’ రెండూ ఒకే నవల. పేదల మధ్య పనిచేసే క్రైస్తవ సంస్థ సాల్వేషన్ ఆర్మీ స్థాపకుడు విలియం బూత్ 1890లో ‘ఇన్ డార్కెస్ట్ ఇంగ్లండ్’ అనే పుస్తకం వేశాడు. ఆ పేరు జనం నోళ్లలో నానుతున్నప్పుడే ఈ నవలకు కొత్త పేరు పెట్టి, బూత్ ముందుమాటతో మళ్లీ అచ్చు వేశారు. రెండు నవలలుగా లెక్కపెట్టిన జాబితాలు ఇప్పటికీ కనిపిస్తుంటాయి.

ఇక మనిషి. 1854 ఫిబ్రవరి 28న వూస్టర్‌షైర్‌లోని అప్టన్ ఆన్ సెవర్న్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి ఆంగ్లికన్ చర్చి మతాధికారి. అలాంటి ఇంట్లో ఆడపిల్లకు తెరిచి ఉన్న దారులు రెండే, సంబంధం కుదిరితే పెళ్లి, కుదరకపోతే ఇంటిపట్టున ఉండి పెద్దవాళ్ల సేవ. ఆవిడ రెండూ కాదనుకుని 1877లో, 23 ఏళ్ల వయసులో, లండన్ వచ్చి వెస్ట్‌మినిస్టర్ ఆసుపత్రిలో నర్సు శిక్షణలో చేరారు. తరవాత గైస్ ఆసుపత్రిలో మందులు కలిపి ఇచ్చే డిస్పెన్సర్ పని నేర్చారు. ఆ నవలల్లో ఆసుపత్రి వార్డు, నల్లమందు, పసిపిల్లల రోగాలు వచ్చిన ప్రతిచోటా వాక్యం తడబడదు. దాని వెనక ఈ ఏళ్లున్నాయి.

1881 నుంచి పత్రికలకు రాయడం మొదలైంది. ‘నైన్‌టీన్త్ సెంచరీ’ అనే పెద్ద పత్రికలో ప్రభుత్వ ఉద్యోగాల్లో స్త్రీల గురించి ఒక వ్యాసం, మరుసటేడు రైల్వే కూలీల గురించి మరొకటి. 1883లో అస్సీరియా చరిత్ర మీద, 1884లో ఈజిప్టు చరిత్ర మీద చిన్న పుస్తకాలు రాశారు. అవి పొట్టకూటి కోసం ఒక క్రైస్తవ ప్రచురణ సంస్థకు రాసినవి. బ్రిటిష్ మ్యూజియం చదువుల గదిలో ఆవిడ చుట్టూ ఉన్న వాళ్లెవరో చూడండి: మార్క్స్ చిన్న కూతురు ఎలియనోర్, కవయిత్రి ఏమీ లెవీ, దక్షిణాఫ్రికా నవలాకారిణి ఆలివ్ ష్రైనర్. ఇక బియాట్రిస్ పాటర్, తరవాతి బియాట్రిస్ వెబ్, ఈవిడకు దూరపు చుట్టం, వరసకు చెల్లెలు. 1890 జనవరిలో, సహకార ఉద్యమం గురించి సమాచారం కావాలని బియాట్రిస్ అడిగితే, ‘నీకు కావలసిన మనిషి సిడ్నీ వెబ్’ అని చెప్పి పరిచయం చేసింది మార్గరెట్టే. ఇంగ్లండ్ సోషలిజం చరిత్రలో అంత పేరు మోసిన దంపతుల్ని కలిపిన చెయ్యి ఇది.

ఇక్కడో హెచ్చరిక. మార్గరెట్ స్వభావం గురించి మనకు దొరికే మాటల్లో ఎక్కువ భాగం బియాట్రిస్ డైరీలోవి. ఆ ఇద్దరికీ 1889 తరవాత చెడింది. చెడిన స్నేహం గురించి ఒక వైపు రాసుకున్న డైరీని రెండో మనిషి జీవితచరిత్రగా తీసుకోకూడదు. ‘నమ్మదగని మనిషి’ అన్న మాట వ్యాసం నుంచి వ్యాసానికి పాకుతూ వచ్చింది ఆ దారినే.

మొదలుపెట్టాల్సిన నవల ‘ఎ సిటీ గర్ల్’, 1887. చిన్నది, మూడు నాలుగు సార్లు కూర్చుంటే అయిపోతుంది. కథలోకి వెళ్లేముందు కథ జరిగే చోటు తెలుసుకోండి, సగం నవల అక్కడే ఉంది.

లండన్ తూర్పు భాగాన, సెయింట్ కాథరిన్ రేవుల దగ్గర, ఈస్ట్ ఎండ్ డ్వెల్లింగ్స్ కంపెనీ 1885లో కాథరిన్ బిల్డింగ్స్ అనే 5 అంతస్తుల వాడ కట్టింది. పేదలకు మంచి ఇళ్లు ఇస్తూనే పెట్టుబడికి నికరమైన లాభం తీయాలన్నది ఆ కంపెనీల సిద్ధాంతం. ఒక వైపు వీధి, రెండో వైపు ఇరుకు పెరడు, ఆ పెరటికి అడ్డంగా ప్రభుత్వ టంకశాల రాయల్ మింట్ వెనక గోడ. గదుల్లో నీళ్ల కుళాయి లేదు, తొట్టి లేదు. మెట్ల మలుపుల దగ్గర సుమారు 60 గదులకు కలిపి 3 తొట్లు, 6 కుళాయిలు. అక్కడే చెక్క తడిక వెనక వరసగా మరుగుదొడ్లు, 3 గంటలకొకసారి నీళ్లు వదిలి కడిగేవి. ఈ లెక్కలు బియాట్రిస్ రాసిపెట్టినవే. ఆవిడ అక్కడ వారం వారం అద్దె వసూలు చేసే పని చేశారు. మార్గరెట్ అదే భవనంలో గది తీసుకుని కొన్నాళ్లు ఉన్నారు. నవలలో అది ‘షార్లెట్స్ బిల్డింగ్స్’ అయింది. ఒకే మెట్ల మీద ఒకరు అద్దెల పుస్తకం పట్టుకుని ఎక్కారు, ఇంకొకరు కిరాయిదారుగా దిగారు. అదే భవనం గురించి ఇద్దరి రాతలూ పక్కపక్కన పెట్టుకుని చదివితే, అద్దె తీసుకునే కన్నుకూ అద్దె కట్టే కన్నుకూ కనిపించేవి ఎంత వేరో తెలుస్తుంది.

కథ పాతదే. నెల్లీ ఆంబ్రోస్ అనే కుట్టుపని అమ్మాయి. అందం ఉంది, సరదాలుంటాయి, మంచి బట్ట కట్టాలని ఉంటుంది. ఆర్థర్ గ్రాంట్ అనే మధ్యతరగతి పెద్దమనిషి, పెళ్లయినవాడు, సభల్లో పేదల పక్షాన మాట్లాడేవాడు, ఆమెను షికార్లు తిప్పుతాడు. గర్భం వస్తుంది. తల్లీ అన్నా ఇంట్లోంచి గెంటేస్తారు, పనీ పోతుంది. సాల్వేషన్ ఆర్మీ వాళ్లు చేరదీస్తారు. బిడ్డ జబ్బుపడి ఆసుపత్రిలో చనిపోతాడు. ఆ ఆసుపత్రి కోశాధికారి గ్రాంటే. చివరికి భవనం కాపలాదారు జార్జ్, మాజీ సిపాయి, ఆమెను పెళ్లి చేసుకుంటాడు. ఇంతే. గ్రాంటును దుర్మార్గుడిగా చూపకపోవడం రచయిత్రి సాధించిన గొప్ప పని. వాడు తనకు తాను మంచివాడే. నెల్లీ జీవితం తనవల్ల ఏమైందో వాడి బుర్రకు తట్టనే తట్టదు, తట్టాల్సిన అవసరం వాడి వర్గానికి ఎప్పుడూ రాలేదు కాబట్టి.

పుస్తకం వేసింది విజెటెల్లీ కంపెనీ, ఫ్రెంచి నవలాకారుడు జోలా నవలల్ని ఇంగ్లీషులో వేసి 1888లో, మళ్లీ 1889లో అశ్లీలత కేసులో శిక్ష పడిన ప్రచురణకర్త. పేరు కింద ‘ఒక వాస్తవిక కథ’ అని ఉపశీర్షిక. ఈ రెండూ గుర్తుంచుకుంటే ఎంగెల్స్ ఉత్తరంలో జోలా ప్రస్తావన ఎందుకు వచ్చిందో, వాస్తవికత చర్చ ఎందుకు లేచిందో సులువుగా అర్థమవుతుంది. ఆయన గాలిలో సిద్ధాంతం చెప్పడం లేదు. అట్ట మీద ఉన్న మాటకే జవాబు చెబుతున్నారు.

ఇప్పుడు ఆ ఉత్తరం. 1888 ఏప్రిల్ మొదట్లో, ఇంగ్లీషులోనే రాసినది. మనకు దొరికింది ఎంగెల్స్ కాగితాల్లో ఉండిపోయిన చిత్తుప్రతి. అచ్చులోకి వచ్చింది 1930ల్లో, సోవియట్ రష్యాలో. అప్పటినుంచి ప్రపంచమంతా తిరిగి మన అరసం (అభ్యుదయ రచయితల సంఘం), విరసం (విప్లవ రచయితల సంఘం) తరాల చర్చల దాకా వచ్చింది. అందులో నలుగురూ ఉదహరించే వాక్యం: వివరాల్లో నిజం ఉండటంతో పాటు, ప్రాతినిధ్యం వహించే పరిస్థితుల్లో ప్రాతినిధ్యం వహించే పాత్రల్ని నిజంగా చిత్రించడమే వాస్తవికత అని. తెలుగులో ఎక్కడైనా ఇక్కడ ‘విలక్షణ’ అని కనిపిస్తే దిద్దుకుని చదవండి. విలక్షణమంటే నలుగురిలా లేనిది. ఎంగెల్స్ అన్న ‘టిపికల్’ దానికి దాదాపు తిరగేసిన మాట, తనలాంటి నలుగురినీ తనలో చూపించేది. ‘ప్రాతినిధ్య’ అనో, వాక్యం విరిచి ‘తన కాలానికీ వర్గానికీ అద్దంపట్టే’ అనో రాస్తే అర్థం చెడదు.

ఉత్తరంలో ఆయన చేసిన అసలు ఫిర్యాదు: పాత్రలు నిజమైనవే, వాటి చుట్టూ ఉన్న పరిస్థితుల్లో మాత్రం ఆ నిజం చాల్లేదు. కార్మికవర్గం తనకు తాను సాయం చేసుకోలేని మందలా, పైనుంచి ఎవరో వచ్చి లేపాల్సిన జనంలా కనిపిస్తోంది. 1800లోనో 1810లోనో అయితే అది నిజమే, 1887లో కాదు. దాదాపు 50 ఏళ్లు ఆ పోరాటాల్లో పాలుపంచుకున్న తనలాంటి వాడికి అది నిజమనిపించదు. ఆ తరవాత ఫ్రెంచి నవలాకారుడు బాల్జాక్ సంగతి. రాజకీయంగా రాచరికం పక్షాన ఉన్నవాడు, అయినా తను ప్రేమించిన ప్రభువర్గం పతనాన్నే రాయాల్సి వచ్చింది, తన బద్ధశత్రువులైన రిపబ్లికన్లనే మెచ్చుకోవాల్సి వచ్చింది. వాస్తవికత సాధించిన గొప్ప విజయాల్లో అదొకటని ఆయన లెక్క. రచయిత అభిప్రాయాలు ఎంత మరుగున ఉంటే కళకు అంత మంచిదన్న మాటా ఇక్కడిదే.

సాధారణంగా ఉదాహరణ ఇక్కడ ఆగిపోతుంది. ఉత్తరం ఆగదు. చివరి పేరాలో ఎంగెల్స్ తన విమర్శను తానే సడలిస్తారు. నాగరిక ప్రపంచంలో లండన్ తూర్పు భాగంలో ఉన్నంత నిశ్శబ్దంగా, విధికి తలవంచి, మొద్దుబారి ఉన్న శ్రామికులు ఇంకెక్కడా లేరని ఒప్పుకుంటారు. అంతటితో ఆగక, ఈసారికి నిష్క్రియంగా ఉన్న వైపే చూపి, చురుకైన వైపు ఇంకో రచనకు దాచుకోవడానికి మీకు గట్టి కారణాలే ఉండి ఉండవచ్చు కదా అంటారు. ఇది మర్యాద కోసం తగిలించిన వాక్యం అనుకోకండి. దీన్ని వదిలేసి ఉత్తరాన్ని ఉదహరిస్తే, గురువు శిష్యురాలికి పెట్టిన చీవాట్లలా కనిపిస్తుంది. కలుపుకుని చదివితే ఇద్దరు రచయితల మధ్య సంభాషణ అవుతుంది. ఇంకొకటి, సాల్వేషన్ ఆర్మీకి జనంలో అంత పట్టు ఎందుకుందో, దాన్ని చిన్నచూపు చూసే పెద్దమనుషుల లోకం బహుశా మీ పుస్తకంలోనే మొదటిసారి తెలుసుకుంటుందని ఆయన రాశారు. గ్రాంట్ పాత్ర చిత్రణను అద్భుతమన్నారు. ఆ నవలకు జర్మన్ అనువాదకుడు తన మిత్రుడు ఐఖ్‌హోఫ్ అని కూడా ఉత్తరంలో ఉంది.

మరి ఆ ‘ఇంకో రచన’ వచ్చిందా? ముందు చరిత్ర వచ్చింది. ఉత్తరం రాసిన 3 నెలలకు, 1888 జులైలో, అదే తూర్పు లండన్‌లో బ్రయంట్ అండ్ మే అగ్గిపెట్టెల కర్మాగారంలో సుమారు 1,400 మంది ఆడవాళ్లు, అమ్మాయిలు పని ఆపేశారు. వాళ్ల గురించి పత్రికలో రాసి దుమారం లేపింది అనీ బిసెంట్, తరవాత మన మద్రాసు అడయార్‌కు వచ్చిన బిసెంటే. మరో ఏడాదికి, 1889 ఆగస్టు 14న, రేవు కూలీల సమ్మె మొదలైంది. గంటకు 5 పెన్నీల కూలిని 6 చేయాలని, పిలిచిన రోజు కనీసం 4 గంటల పనైనా ఇవ్వాలని. సుమారు లక్ష మంది నిలిచిపోయారు. ఆస్ట్రేలియా కార్మికులు 30,000 పౌన్లకు పైగా చందాలు పంపారు. సెప్టెంబరు మధ్యకల్లా గెలిచారు. మొద్దుబారిన జనం అనుకున్నవాళ్లు 16 నెలల్లో లేచి నిలబడ్డారు. ఈ సమ్మెలో మార్గరెట్ గట్టున నిలబడి చూడలేదు. మధ్యవర్తిగా రాజీ కుదిర్చిన కాథలిక్ కార్డినల్ మానింగ్ దగ్గరికి వెళ్లి, కల్పించుకోమని అడిగింది తానేనని ఆవిడ రాశారు.

నవలల వరస ఇలా సాగుతుంది. ‘ఔట్ ఆఫ్ వర్క్’, 1888. పల్లెనుంచి వచ్చిన వడ్రంగి జోస్ కోనీ లండన్‌లో పని దొరక్క మెట్టు మెట్టుగా దిగజారిపోయే కథ. విక్టోరియా రాణి గద్దెనెక్కిన స్వర్ణోత్సవం జరిగిన 1887లో నడుస్తుంది. ఒక వైపు రాణి ఊరేగింపు, ఇంకో వైపు ట్రఫాల్గర్ చౌకులో పడుకునే నిరుద్యోగులు. నాకు అన్నింటిలో బలమైనది ఇదే అనిపిస్తుంది. పని పోవడమంటే ఒక రోజు జరిగే సంఘటన కాదని, రోజుకింత చొప్పున జరిగే పని అని ఇంత ఓపికగా చూపిన నవలలు అరుదు. ముందు పనిముట్లు కుదువకు వెళ్తాయి, తరవాత కోటు, తరవాత మంచం ఉన్న గది, తరవాత మాటతీరు. రేవు గేటు దగ్గర వందలమంది తోసుకుంటుంటే ఫోర్‌మన్ వేలు చూపినవాడికే ఆ పూట పని. పనిముట్లు అమ్ముకున్న వడ్రంగి ఆ గుంపులోకి రావడం ఆ కాలపు లండన్‌ను ఒక్క బొమ్మలో పట్టేసింది.

‘కెప్టెన్ లోబ్’ గురించి పైన చెప్పాను. తూర్పు లండన్‌లోని వైట్‌చాపెల్ సందుల్లో సాల్వేషన్ ఆర్మీ కెప్టెన్ వెంట తిరిగే నవల, కథకన్నా నడక ఎక్కువ. సోషలిజం నమ్మిన రచయిత్రి ఒక మతసంస్థ మీద ఇంత సానుభూతితో రాయడం చాలామందిని ఇబ్బంది పెట్టింది. కారణం నవలలోనే దొరుకుతుంది. ఆ సందుల్లో రాత్రిపూట రోగి పక్కన కూర్చుని, గది కడిగి, గంజి కాచి ఇచ్చినవాళ్లు వాళ్లే. ఆవిడ చూసింది రాశారు.

‘ఎ మాంచెస్టర్ షర్ట్‌మేకర్’, 1890, చదవడానికి గుండె దిటవు చేసుకోవాలి. చొక్కాలు కుట్టి బతికే వితంతువు మేరీ డిల్లన్, పనిచ్చేవాడు మోసం చేస్తే, పాలు లేని పసిబిడ్డ ఆకలి చూడలేక నల్లమందు ఇస్తుంది. తరవాత పిచ్చాసుపత్రి, అక్కడే ఆత్మహత్య. కుట్టుపనిలో ముక్క లెక్కన కూలి, దారం ఖర్చు ఎవరిది, మెషిను ఎవరిది, పని అందుకునే ముందు కట్టే డిపాజిట్ ఏమవుతుంది, ఈ లెక్కలే ఇక్కడ కథ నడిపిస్తాయి. సరిగ్గా ఆ ఏళ్లలోనే, 1888 నుంచి 1890 వరకు, ఈ చెమటోడ్చే కుట్టుపని వ్యవస్థ మీద బ్రిటన్ ప్రభువుల సభ కమిటీ ఒకటి సాక్ష్యాలు తీసుకుంటోంది.

ఎంగెల్స్ ఊహించిన ఆ చురుకైన వైపు పూర్తిగా వచ్చింది ‘జార్జ్ ఈస్ట్‌మాంట్, వాండరర్’లో, 1905లో. రేవు సమ్మె అందులో ఉంది. నాయకుడి పాత్రలో, సైన్యం వదిలి సోషలిస్టు అయిన హెన్రీ హైడ్ ఛాంపియన్ పోలికలు స్పష్టంగా కనిపిస్తాయి. పుస్తకం కార్డినల్ మానింగ్ స్మృతికి అంకితం. అప్పటికి ఎంగెల్స్ పోయి 10 ఏళ్లు. అయితే ఆ నవలలో విజయోత్సాహం ఉంటుందనుకుని తెరవకండి. ఉద్యమంలో వర్గాల మధ్య తగువులు, పైతరగతి నుంచి వచ్చినవాడి ఒంటరితనం, అలసట ఎక్కువ. ఆవిడ అప్పటికే ఉద్యమ ముఠాలన్నిటికీ దూరమై, ఆస్ట్రేలియాలో ఏళ్ల తరబడి ఉండి వచ్చారు. కాబట్టి ‘సోషలిస్టు నవలాకారిణి’ అన్న బిరుదును 1887 నుంచి 1890 వరకు నిస్సంకోచంగా వాడవచ్చు, ఆ తరవాత ఆచితూచి వాడాలి.

ఆవిడ లోపాలు కూడా చెప్పాలి. కథ నడపడానికి యాదృచ్ఛికాలు అవసరానికి మించి వస్తాయి. అంతకన్నా ముఖ్యం, కుట్టుపని కాంట్రాక్టర్ పాత్రల్ని యూదులుగా చూపేటప్పుడు ఆ కాలపు జాతి దురభిప్రాయాలు యథాతథంగా దిగబడ్డాయి. అనువాదకులు వాటిని మెత్తబరచి దాచకూడదు. ఉన్నట్టే ఉంచి, ముందుమాటలో చెప్పాలి.

ఇక అనువాదం. హక్కుల చిక్కు లేదు. ఆవిడ 1923 డిసెంబరు 10న ఫ్లోరెన్స్‌లో చనిపోయారు. మన దేశంలో రచయిత మరణించాక 60 ఏళ్ల వరకే హక్కులుంటాయి, అది ఎప్పుడో దాటిపోయింది. ఇటీవలి సంచికల్లోని ముందుమాటలు, అధోజ్ఞాపికలు మాత్రం వాటి సంపాదకులవి, అనుమతి లేకుండా తీసుకోకూడదు. ‘ఎ సిటీ గర్ల్’కు 2015లో డెబొరా మచ్, 2017లో టబితా స్పార్క్స్ సంపాదకత్వంలో వచ్చిన రెండు సంచికలున్నాయి. చదువుకోవడానికి వాటిలో ఏదైనా దగ్గర పెట్టుకుని, అనువాదం 1887 పాఠం నుంచి చేయడం మేలు.

పదాల దగ్గర కాళ్లు జారే చోట్లు ఇవి. ‘స్వెటర్’ అంటే ఈ నవలల్లో ఉన్ని చొక్కా కాదు. పెద్ద దుకాణం నుంచి బట్ట తెచ్చి, ముక్కకింత అని కుట్టించి, మధ్యలో మిగుల్చుకునే కాంట్రాక్టర్. యంత్రానికి ఇచ్చి అనువదిస్తే ఈ మాట దగ్గరే వాక్యం నవ్వులపాలవుతుంది. ‘పనిచ్చే మేస్త్రీ’ అంటే మనకు వెంటనే అందుతుంది. ‘క్యాజువల్ వార్డ్’ ఆసుపత్రి వార్డు కాదు, దిక్కులేనివాళ్లు రాత్రి తలదాచుకునే సర్కారీ గది. సాయంత్రం వెళ్తే ఒళ్లు సోదా చేసి, స్నానం చేయించి, రొట్టె, గంజి పెడతారు. మర్నాడు రాళ్లు కొట్టాలి లేదా పాత తాళ్లు పీచు పీచుగా విప్పాలి. 1882 చట్టం తరవాత రెండో రోజు పొద్దున 9 దాకా బయటికి వదలరు. అంటే రేవు గేటు దగ్గర పని పిలిచే వేళ దాటిపోతుంది. జోస్ అక్కడికి వెళ్లడానికి ఎందుకు వెనకాడతాడో ఈ ఒక్క నిబంధన తెలియకపోతే పాఠకుడికి అర్థం కాదు. ‘బిల్డింగ్స్’ అని బహువచనంలో వస్తే మామూలు భవనాలు కావు, పైన చెప్పిన కంపెనీ వాడలు.

డబ్బును రూపాయల్లోకి మార్చొద్దు. ఆ రోజుల్లో 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌను అని మొదట్లో ఒకసారి చెప్పి వదిలేయండి. పాఠకుడికి కావలసింది మారకపు విలువ కాదు, అద్దెకూ కూలికీ మధ్య నిష్పత్తి. రేవు సమ్మెలో అడిగిన 6 పెన్నీలకు జనం పెట్టుకున్న ముద్దుపేరు ‘టానర్’. దానికి ‘అర్ధ షిల్లింగు’ అని అర్థం రాస్తే చాలు.

పాత్రల మాట తీరు కష్టమైన పని. తూర్పు లండన్ యాసను తీసుకెళ్లి మన ఒక జిల్లా యాసలో పెడితే, నెల్లీ వెంటనే ఆ జిల్లా మనిషి అయిపోతుంది, లండన్ మాయమవుతుంది. అలాగని అందరికీ పుస్తక భాష పెడితే గ్రాంటుకూ నెల్లీకీ మధ్య ఉన్న గోడ పడిపోతుంది. పనికొచ్చే దారి ఏమిటంటే, నెల్లీ ఇంటివాళ్లకు పొట్టి వాక్యాలు, వాడుక క్రియలు, గ్రాంటుకు పొడుగు వాక్యాలు, తత్సమాలు. సంబోధనల్లోనూ తేడా చూపొచ్చు. గ్రాంట్ ఆమెను మొదటినుంచీ ‘నువ్వు’ అంటాడు, ఆమె ‘మీరు’ దాటి రాదు. ఇంగ్లీషులో కనిపించని ఆ అంతరం తెలుగులో అప్పనంగా దొరుకుతుంది, వాడుకోండి.

చివరగా, తెలుగువాళ్లకు ఈవిడతో ఉన్న సూటి సంబంధం ఒకటుంది, అది చాలామంది కంట పడలేదు. 1900ల మొదటి దశకంలో ఆవిడ మన దేశం వచ్చారు. 1909లో ‘గ్లింప్సెస్ ఆఫ్ హిడెన్ ఇండియా’, 1912లో దాన్ని మార్చి ‘ఇండియన్ స్నాప్‌షాట్స్’, 1914లో ‘మోడరన్ హైదరాబాద్ (దక్కన్)’ వచ్చాయి. అన్నీ కలకత్తా థాకర్ స్పింక్ ప్రచురణలు, అన్నిటి మీదా అదే జాన్ లా పేరు. హైదరాబాద్ పుస్తకం వచ్చేనాటికి మూసీ వరద జరిగి 6 ఏళ్లు, ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కి 3 ఏళ్లు. నిజాం చరిత్ర మీద పనిచేసేవాళ్ల చేతుల్లోకి ఈ పుస్తకం వచ్చినా, రాసిన ‘జాన్ లా’ అనే ఆయన ఎవరో తెల్లదొర అనుకుని పేజీ తిప్పేసే అవకాశమే ఎక్కువ. కాథరిన్ బిల్డింగ్స్ మెట్ల మీద కుళాయిల మధ్య బతికిన నవలాకారిణి, ఎంగెల్స్ ఉత్తరం అందుకున్న మనిషి, చార్మినార్ ఊరి గురించి రాశారని తెలిసి చదివితే ఆ పేజీలు వేరేగా కనిపిస్తాయి. హైదరాబాద్ పాత లైబ్రరీల్లో వెతికేటప్పుడు హార్క్‌నెస్ అని అడగకండి, దొరకదు. ‘లా, జాన్’ అనే కార్డు కింద, 1914 అని చూడండి.